పదకొండు మాటలు

మొన్న పొద్దున పక్కింటి వసారాలో ఒక అమ్మాయి పలకంత ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ ఇంటి కోడలికి బిడ్డ పుట్టి నెలయింది. "మీ బాబు ఎలా ఎదుగుతున్నాడో ఏడాదికి రెండుసార్లు వచ్చి చూసి రాసుకుంటామండీ. పద్దెనిమిదేళ్లు నిండేదాకా వస్తాం. ఇష్టమైతేనే చేరండి" అంటోంది. నాకు ఒళ్లు మండింది. నలభై ఏళ్ల కిందట ఇదే ప్రత్తిపాడులో, మాకు పిల్ల పుట్టినప్పుడు మా గుమ్మంలో విన్న మాటే ఇది.

అప్పుడు వచ్చినావిడ చేతిలో ఫోను లేదు. దస్త్రం, కొలబద్ద, గుడ్డసంచిలో ఒక గిలక్కాయ. టీచరమ్మ అనేవాళ్లం, కాదు మొర్రో అన్నా మానలేదు. నేను బడి గడప తొక్కలేదు. శనక్కాయల పొట్లాల కాగితాలు పోగేసుకుని అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ని. అందుకే ఆవిడ ఇచ్చిన ఒప్పుకోలు కాగితం మొత్తం పైకి చదివి మరీ సంతకం పెట్టాను. నా జీవితంలో అదే మొదటి సంతకం. మా ఇంటిది మాత్రం పిల్లను కొలిస్తే దిష్టి తగులుతుందని, ఆవిడ అటు వెళ్లగానే ఇన్ని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసేది. మా వైపు వాటికేం కరువు? వీధంతా దగ్గేది.

పిల్లకు ఏడాదిన్నరప్పుడు ఆవిడ "ఎన్ని మాటలు వచ్చు?" అని అడిగింది. కూలికి పోయేవాళ్లం, ఎవరు లెక్కపెట్టారు? ముగ్గురం కూర్చుని ఒక్కొక్కటే ఏరాం. అమ్మ, నానా, బువ్వ, కాకి. మా ఇంటిది "కొక్కొక్కో" కూడా రాయమంది.

"అది మాటెలా అవుద్దే? కోడి కూత!"

"కోడికి కూతే. నా కూతురికి మాటే. మీరు రాయండి టీచరమ్మా."

నవ్వుతూ రాసింది. మొత్తం పదకొండు. ఆనాటి నుంచి పనిలోంచి రాగానే పిల్ల నోటివంక చూడటం అలవాటైంది. కొత్త మాట వినబడితే ఆవిడ కోసం దాచిపెట్టుకునేవాణ్ని. ఆవిడ మళ్లీ రాలేదు. ఆ ఎండాకాలం జ్వరంతో పిల్ల పోయింది. దాచిన మాటలు అడిగేవాళ్లు లేకపోయారు. ఇన్నేళ్లూ ఆవిణ్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

అందుకే మొన్న పిలవకుండానే వెళ్లి కూర్చున్నాను. "ఏమ్మా, పద్దెనిమిదేళ్లూ నువ్వే వస్తావా?"

"నాది ఏడాది కాంట్రాక్టు తాతగారూ. తర్వాత ఇంకొకరు వస్తారు."

"రాకపోతే?"

"రాకుండా ఉండం. మూడుసార్లు వచ్చినా ఇంటికి తాళం ఉంటే మాత్రం, కుటుంబం తప్పుకుందని రాసేస్తాం. ముందు నుంచీ అదే పద్ధతట."

ఆవిడ మళ్లీ రావాల్సిన ఆ ఫిబ్రవరిలో మేం మిరప కోతలకు పోయాం. ఇంటికి తాళం వేసి, పిల్లను చంకనేసుకుని, కల్లం పక్కన పాకలో రెండు నెలలున్నాం. ఆవిడ మానేసిందని నేననుకున్నాను. మేం మానేశామని ఆవిడ రాసుకుని ఉంటుంది.

"ఏం తాతా, చేరమంటావా, వద్దంటావా?" అంది పక్కింటి కోడలు.

"చేరు. ఎవరో ఒకరు అడుగుతుంటేనే మనమూ చూస్తాం." ఆ అమ్మాయి వైపు తిరిగాను. "నువ్వు మాత్రం ఇది రాసుకో. కోతలప్పుడు వీళ్లు ఇంట్లో ఉండరు. తాళం చూసి వెళ్లిపోకు, చేనుకి రా."

"అడ్రసు గడిలో అంత పట్టదు తాతగారూ."

"పట్టించు."

పట్టించింది. వెళ్లబోతుంటే, పాత దస్త్రాలు ఎక్కడైనా ఉంటాయా అని అడిగాను. కనుక్కుంటానంది. ఆ పదకొండు మాటల్లో నాకు తొమ్మిదే గుర్తున్నాయి. మిగతా రెండూ చెప్పగలిగిన మా ఇంటిది పోయి ఆరేళ్లు. నాకు నలభై ఏళ్లు గడిచిపోయాయి గానీ, ఆ దస్త్రం ఉంటే అందులో మా పిల్లకు ఇంకా ఏడాదిన్నరే. అందులో మేం ముగ్గురం ఇంకా కోతల్లోనే ఉన్నాం, ఇంటికి తాళం వేసి ఉంది.