దిష్టి తీసిన తలకిందుల బండి

బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపురానికి పొద్దున ఆరున్నరకు బస్సుంది. ఎక్కేవాళ్ళు కుడిపక్క కిటికీ చూసుకోండి, ఎడమపక్క దారి పొడుగునా ఎండ మొహాన కొడుతుంది. నేను ఎడమపక్కే కూర్చున్నాను. ఆ రోజు నాకు పక్కలు చూసుకునే తెలివి లేదు. నా బామ్మర్ది మంజునాథ ఆ మధ్యాహ్నం తలకిందులుగా తిరిగే రైలు ఎక్కబోతున్నాడు. వాణ్ణి ఆపి ఇంటికి తీసుకురమ్మని మా ఇంటావిడ రత్నమ్మ నన్ను తరిమింది. గడప దాటుతుంటే "వాణ్ణి వదిలిపెట్టి మాత్రం రావద్దు" అంది.

నంది దారిలో కొత్తగా ఒక ఆటల పార్కు కడుతున్నారు. మంజు అందులో ఫిట్టరు. ఆ రైలును బిగించినవాళ్ళే మొదట ఎక్కి చూడాలట. చింతామణిలో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో పని నేర్చుకున్నాడు. ఎప్పుడు ఫోన్ చేసినా "భయం లేదు బావా" అంటాడు. నా భయమంతా ఆ మాట వల్లనే.

నా పక్కన సోమేనహళ్ళికి పోయే ముసలామె కూర్చుంది. పేరేసంద్రలో దిగి బస్సు మారాలట. యాడికని అడిగితే సంగతి చెప్పాను. ఆమె "తలకిందులైతే మనుసులు రాలిపోరా నాయనా?" అంది. ఆమె పెట్టిన ఉడకబెట్టిన శనక్కాయలు ఒలిచి ఒలిచి ఒళ్ళోనే పోగేశాను.

చిక్కబళ్ళాపురం బస్టాండు ఎదుట హోటల్లో ఇడ్లీ బాగుంటుందని అందరూ అంటారు. నేను కాఫీతో సరిపెట్టి నంది బస్సెక్కాను. పార్కు ఇంకా దూరంలో ఉండగానే కొండ ముందు ఆ ఇనుప చుట్టు కనిపించింది. నీలం రంగు గొట్టాల పట్టాలు నిట్టనిలువుగా లేచి, తిరగబడి, మళ్ళీ నేలకు దిగుతున్నాయి.

మంజు గేటు దగ్గరికి వచ్చి నవ్వుతూ నన్ను లోపలికి తీసుకుపోయాడు. దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ వాడికి కంఠతా వచ్చు. పూర్వం పైదేశాల్లో ఈ చుట్టును గాజులా గుండ్రంగా కట్టేవారట. కింద నుంచి లేచేటప్పుడు ఆ విసురుకు జనం మెడలు పట్టేసేవట. తర్వాత ఉక్కు గొట్టాలు వచ్చాక నీటిబొట్టులా పైన సన్నంగా వంచారట. అప్పటి నుంచి మెడలు బాగుపడ్డాయట. ఇక్కడి బండి ఏదో దేశంలో చాలా ఏళ్ళు తిరిగి, మూలపడి, విప్పదీసిన ముక్కలుగా లారీల్లో ఇక్కడికి చేరింది. ముందుకు దూసుకుపోయి చుట్టు తిరిగి, ఎదుటి ఏటవాలు ఎక్కి, అదే దారిన వెనక్కి వస్తుంది. ఫ్లాట్‌ఫారం దాటి వెనక ఏటవాలు కూడా ఎక్కి, దిగి వచ్చి ఆగుతుంది. ఆపేవి ఫ్లాట్‌ఫారం కింద ఉండే బ్రేకు పలకలు.

నా ఎదురుగానే ఇసుక మూటలతో ఒకసారి వదిలారు. అంతా తిరిగి వచ్చి చెప్పినచోట ఆగింది. ఇక మనుషులు ఎక్కాలి. అంతలో మేస్త్రీ మునిశామప్ప ఆపి, పూజ కానిదే కుదరదన్నాడు. లారీ అయినా ట్రాక్టరయినా మా వైపు పూజ లేకుండా కదిలించరు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కర్పూరం వెలిగించి, కుంకుమ నింపిన బూడిద గుమ్మడికాయను పట్టాల మధ్య పగలగొట్టాడు. అప్పుడు గాని నాకు కాస్త ధైర్యం రాలేదు.

మంజు ముందు సీట్లో కూర్చున్నాడు. నేను పక్క సీట్లోకి చేరి, మీ అక్క ఏడుస్తోందని, దిగమని బతిమాలుతున్నాను. నన్ను కూడా ఎక్కే మనిషే అనుకున్నారేమో, భుజాల మీదికి కడ్డీలు దిగి బిగుసుకున్నాయి. అరిచేలోగా బండి దూకింది.

చుట్టు పైకి చేరేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి. నంది కొండ ఆకాశంలో వేలాడింది. వెనక్కి వచ్చేటప్పుడు మళ్ళీ అదే. ఫ్లాట్‌ఫారం దాటాం, వెనక ఎక్కాం, దిగాం. ఇక అయిపోయిందనుకున్నాను. బండి ఆగలేదు. మునిశామప్ప మొహం నా ముందునుంచి జారిపోయింది. మళ్ళీ చుట్టు మీదికి పోయాం. ఈసారి ఊపు చాలక సగం ఎక్కి, వెల్లకిలా నిలబడిపోయాం. ఆ క్షణంలో మంజు నా చెయ్యి పట్టుకున్నాడు. వాడి చెయ్యి చల్లగా ఉంది. బండి వెనక్కి జారి, ఫ్లాట్‌ఫారం దగ్గర కీచుమంటూ ఆగింది.

కడ్డీలు లేవగానే మంజు దిగి కిందికి వంగి చూశాడు. బ్రేకు పలకల నిండా గుమ్మడి గుజ్జు, నిమ్మరసం, కుంకుమ. దిష్టి కోసం కొట్టిన కాయే పలకలను జారుడు చేసింది. మునిశామప్ప తల మీద చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. మంజు లేచి నిలబడబోయి నా భుజం పట్టుకున్నాడు.

"భయమైంది బావా," అన్నాడు. తర్వాత మేస్త్రీ వైపు తిరిగి, "పలకలన్నీ విప్పి కడగల్ల. నేను చెప్పేదాకా దీన్లోకి ఎవురూ ఎక్కొద్దు," అన్నాడు.

వాడా మాట అన్నాక ఇంటికి రమ్మని అడగాలనిపించలేదు.

సాయంత్రం బస్సులో డ్రైవరు ముందు నిమ్మకాయల దండ వేలాడుతోంది. బాగేపల్లి వచ్చేదాకా దానివైపు చూడకుండా కూర్చున్నాను. ఆ బండి చూడాలనుకునేవాళ్ళు తప్పకుండా వెళ్ళండి. మంజు ఊఁ అన్నాకనే ఎక్కండి.

బస్టాండులో రత్నమ్మ నిలబడి ఉంది. నా వెనక దిగేవాళ్ళందరినీ చూసింది. తలుపు ఖాళీ అయ్యాక, "వాడు యాడ?" అంది.

"రాలేదు," అన్నాను. "వానికి భయమొచ్చింది."

రత్నమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని నా చేతిలోని సంచి అందుకుంది.