గిరిబాబుకు నచ్చని ఎత్తు బండి

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ టీకొట్టు దగ్గర గిరిబాబు రోజూ పొద్దున్నే ఫోన్లో కార్ల వార్తలు చదివి, గ్లాసు బల్లమీద పెట్టి మరీ తీర్పులు చెబుతాడు. కంపెనీలన్నీ చిన్న కార్లు మానేసి ఎత్తు బళ్ల వెంట పడటం ఆయనకు బొత్తిగా గిట్టదు. "ఏటిది, కారా, రైలింజనా?" అంటూ అరచేతిని గాలిలో కిందకు జార్చి, కారు వంపు ఎలా ఉండాలో చూపిస్తాడు.

పాత కారు మార్చడానికి మొన్న భార్య సౌభాగ్యను షోరూముకు తీసుకెళ్లాడు. ఆయన మెచ్చిన, నేలకు దగ్గరగా ఉండే కారులోంచి దిగబోతే ఆమెకు మోకాళ్లు పట్టేశాయి. ఈ నొప్పులతోనే ఆమె రాజ్‌కిశోర్ నగర్‌లోని చెల్లెలింటికి వెళ్లడం మానేసింది. పక్కనున్న ఎత్తు బండిలో మాత్రం కుర్చీలో కూర్చున్నట్టు హాయిగా కూర్చుంది. "ఇది బాగుందండి. మీకు నచ్చదు కదేటి," అంది. గిరిబాబు బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "అచ్ఛా, ఇదే తీసుకుందాం," అన్నాడు.

ఆదివారం చెల్లెలింటి ముందు ఆయన చెయ్యి అందించేలోపే సౌభాగ్య దిగి, చెల్లెల్ని పిలుస్తూ లోపలికి వెళ్లిపోయింది. తోడల్లుడు రమణబాబు నవ్వాడు. "ఏటన్నయ్యా, నువ్వూ ఎత్తు బండేనా?"

గిరిబాబు తృప్తిగా బానెట్ నిమిరాడు. "ఈ బండి నమూనా గీసినోడి పెళ్లానికీ మోకాళ్ల నొప్పులుండుంటాయిరా."