రేవు దిగుడులో రెండో గేరు

నాకు దెయ్యాల మీద ఎప్పుడూ నమ్మకం లేదు. శ్మశానాల పక్కన లారీ ఆపుకుని హాయిగా కునుకు తీసిన మనిషిని. ఇది కూడా దెయ్యం సంగతి కాదు, ఇందులో ఎవరూ చనిపోలేదు.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమలాపురంలో ఒక కొబ్బరి వ్యాపారి మిలటరీవాళ్లు వదిలించుకున్న లారీ కొన్నారు. అందరూ ఆయన్ని షావుకారు గారు అనేవారు. ఆ లారీ గేరు మహా మొండిది. క్లచ్ ఒకసారి తొక్కితే చాలదు. తొక్కి, వదిలి, ఇంజను వేగం చూసుకుని మళ్లీ తొక్కాలి. కాస్త తేడా వచ్చినా పళ్లు కొరికినట్టు అరిచేది. చప్పుడు లేకుండా వేయగలిగింది మా మేనమామ సుబ్బారాయుడు గారొక్కరే. నాకు డ్రైవింగు నేర్పింది ఆయనే.

అలాంటి మావయ్యకి పక్షవాతం వచ్చి, గేరు వేసే ఎడమ చెయ్యే పడిపోయింది. బండారులంకలో మంచం పట్టారు. వేలు కూడా కదిలేది కాదు.

లారీ నాకు అప్పగించారు. నా చేతిలో అది అరవని రోజు లేదు. ఆ మధ్యనే ఒక్క తొక్కుకి గేరు పడే కొత్త లారీలు వస్తున్నాయి. షావుకారు గారు విసిగిపోయి, "ఈ లోడుకి నేనూ వస్తానబ్బాయ్. గేరు అరిచిందా, దీన్ని అమ్మేసి కొత్తది తెస్తాను" అన్నారు.

బయల్దేరే ముందు మావయ్యకి చెప్పాను. "నేను లేచి వస్తాన్రా. అప్పటిదాకా అమ్మనివ్వకు" అన్నారు. ఆయ్ అన్నాను గానీ, ఆయన లేస్తారన్న ఆశ నాకు లేదు.

పొద్దున్నే ముక్తేశ్వరం రేవులో గట్టెక్కి గౌతమి వైపు దిగుతున్నాం. కింద లారీల్నీ మనుషుల్నీ ఏరు దాటించే పంటు ఆగి ఉంది. దాని నిండా జనం. బ్రేకు తొక్కితే కాలు నేలకి తగిలింది. మూడో గేరు తీసి రెండో గేరు వేయబోయాను. అరిచి, వెనక్కి తన్నేసింది. ఇక లారీ ఏ గేరులోనూ లేదు. కొబ్బరికాయల బరువుకి లారీ జారిపోతోంది. హ్యాండుబ్రేకూ పట్టలేదు. షావుకారు గారు "తప్పుకోండి, తప్పుకోండి" అని కేకలు. పంటు మీదివాళ్లు ఎక్కడికి తప్పుకుంటారు? వాళ్ల వెనక ఏరే.

లారీని పక్కకి పడగొట్టేద్దామని రెండు చేతులా స్టీరింగు పట్టుకున్నాను. అప్పుడు గేరు రాడ్డు దానంతటదే కదిలింది. ఇంజను ఒక్కసారి హోరుమంది. చిన్న చప్పుడైనా లేకుండా రెండో గేరు పడింది. ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు లారీ నెమ్మదించింది. రాడ్డు మళ్లీ కదిలింది. ఒకటో గేరు. ముందు చక్రాలు పంటు పలకల్ని తాకి, ఇంజను ఆగిపోయి, లారీ నిలబడిపోయింది.

వాటంతటవే గేర్లు మారే లారీలు ఉన్నాయని ఇప్పుడు వింటున్నాం. ఆ రోజుల్లో మా వైపు ఎవరూ కలలో కూడా అనుకోలేదు.

షావుకారు గారు రాడ్డు వంకా, స్టీరింగు మీద నా చేతుల వంకా మార్చి మార్చి చూశారు.

"గేరు ఎవరేసేర్రా?"

"నేను కాదండీ."

ఈలోగా జనం నన్ను కిందికి లాగి భుజాలకెత్తుకున్నారు. "పోయిన ప్రాణాలు లేచొచ్చేయండీ బాబూ!" అని పంటు నడిపే సరంగు ఈల మీద ఈల వేశాడు.

బ్రేకు బాగుచేయించుకుని ఆ సాయంత్రమే షావుకారు గారూ నేనూ తిన్నగా బండారులంక వెళ్లాం. మేమింకా ఏమీ చెప్పకముందే అత్తయ్య వీధిలోకి పరుగెత్తుకొచ్చింది.

"పొద్దున్న మీ మావయ్య చెయ్యి లేచిందిరా! గాల్లోకెత్తి ఇలా ముందుకీ వెనక్కీ తోసేరు. 'రెండు, ఒకటి' అని అరిచి, చెమటలు కక్కుతూ పడిపోయేరు."

లోపలికి వెళ్లగానే మావయ్య ఎడమ చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నారు. నొప్పెట్టింది. అంత సంతోషం కలిగించిన నొప్పి నేనెరగను.

"లారీ అమ్మనయ్యా. నువ్వొచ్చి తోలు" అన్నారు షావుకారు గారు.

వరికోతల నాటికి మావయ్య వచ్చారు. అదే రేవులో, అదే దిగుడులో, నిండు లోడుతో, పిల్లి నడిచినట్టు లారీని దించి పంటు ఎక్కించారు. సరంగు తలపాగా విప్పి ఊపాడు. పక్క సీట్లో కూర్చుని నేను గొంతు పోయేలా అరిచాను.

పక్షవాతం ఒక్కోసారి అలా వదిలేస్తుందని డాక్టరు గారు అన్నారు. రాడ్డు అదురుకి జారి ఉంటుందన్నాడు మెకానిక్కు. రెండుసార్లూనా అంటే తల గోక్కున్నాడు. ఆఖరికి మావయ్యనే అడిగాను.

"ఏమోరా, కళ్లముందు రేవు కనబడింది. నువ్వు గేరు పాడుచేస్తున్నావని ఒళ్లు మండింది, అంతే" అన్నారు.

అంతకన్నా నాకూ తెలియదు.