బ్రేకుకి ఆముదం

సున్నపురాయి క్వారీలో హాజరు గుమాస్తా పని దొరికినప్పుడు మా నాయన కాడెద్దులు అమ్మి నాకొక పాత మోటారు సైకిలు కొనిచ్చాడు. పొలం అప్పటికే కౌలుకిచ్చేశాం. ఇంట్లో అయిదుగురికీ నా జీతమే ఆధారం. మా ఊరి నుంచి గురజాల మీదుగా క్వారీకి తొమ్మిది మైళ్లు. మిలిటరీ వాళ్లు వాడి వదిలేసిన బండి అది. చూడ్డానికి దున్నపోతులా ఉండేది గానీ నాలుగు నెలలు బుద్ధిగానే నడిచింది.

అయిదో నెలలో వెనక బ్రేకు పట్టెయ్యడం మొదలైంది. తొక్కితే పట్టుకుంటుంది, కాలు తీసినా వదలదు. ముక్కుతూ మూలుగుతూ రెండు మైళ్లు పోయేసరికి వెనక డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత కాలిపోయేది. దిగి, బ్రేకు కడ్డీ చివరి నట్టు రెండు చుట్లు వదులు చేసి, డ్రమ్ము చల్లారేదాకా ఆగితే చక్రం కదిలేది. మర్నాడు మళ్లీ అదే తంతు. వదులు చేసీ చేసీ, ఎంత తొక్కినా బ్రేకే పడని స్థితికి తెచ్చాను. మళ్లీ బిగించాను. నాకసలే ముక్కు మీద కోపం. "దీని దుంప తెగ!" అని నడిరోడ్డు మీద దాన్ని ఒక్క తన్ను తన్ని, బొటనవేలు వాచిపోయి కుంటుకుంటూ పనికెళ్లిన రోజు కూడా ఉంది.

ఆ వారంలో రెండుసార్లు ఆలస్యమైంది. రెండోసారి మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. "హాజరు వేసేవాడే లేకపోతే ఎట్లాగయ్యా? సోమవారం ఏడింటికి నువ్వు గేటు దగ్గర లేకపోతే ఇంక రానక్కర్లేదు" అన్నాడు, చాలా నెమ్మదిగా. ఆయన అరిచి ఉంటే అంత భయం వేసేది కాదు.

ఆదివారం పొద్దున్నే బండిని ఎలాగో గురజాలలో మెకానిక్కు దగ్గరికి చేర్చాను. పెద్ద వయసు సాయిబు. అందరం భాయ్ అనే పిలిచేవాళ్లం.

"రేపు ఏడింటికి క్వారీలో లేకపోతే నా కొలువు పోద్ది భాయ్! స్ప్రింగు పోయిందా, బ్రేకు షూలు అరిగినయ్యా, ఏంది దీని రోగం?"

భాయ్ వెనక చక్రం పక్కన కూర్చున్నాడు. డ్రమ్ము దగ్గర కడ్డీ ఊడదీసి, అక్కడున్న చిన్న మీటని వేలితో నెట్టి వదిలాడు. అది వెనక్కి రాలేదు. నెట్టిన చోటే ఉండిపోయింది. చక్రం విప్పి చూస్తే స్ప్రింగులు గట్టిగానే ఉన్నాయి, షూలూ బాగానే ఉన్నాయి. ఆ షూలని విడదీసే చిన్న ఇరుసు మాత్రం నల్లటి జిగురులో కూరుకుపోయి ఉంది. భాయ్ దాన్ని గోటితో గీకి వాసన చూశాడు.

"ఏందయ్యా ఇది, ఆముదం! ఎద్దుల బండి అనుకున్నారా మీ ఇంట్లో? వేడికి ఉడికి, క్వారీ దుమ్ము కలిసి చానా బంకైపోయింది. ఎవురు పూసింది?"

ఎవరో నాకు వెంటనే తెలిసింది. గడ్డి కాల్చిన మసి ఆముదంలో కలిపి బండి ఇరుసుకి కందెన పెట్టడం మా నాయన నలభై ఏళ్లుగా వారం వారం చేసిన పని. ఎద్దులు పోయాయి గానీ చేతులు ఊరుకోవుగా! నేను తలంటుకుని వచ్చేలోగా పుల్లకి గుడ్డ చుట్టి, ఇనుము ఇనుముతో రాసుకునే చోటల్లా పూసేస్తున్నాడన్నమాట.

భాయ్ ఇరుసుని కిరసనాయిలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, గోరంత గ్రీజు పెట్టి బిగించాడు. మీట నెట్టి వదిలితే టక్కున వెనక్కి వచ్చింది. నేను మాత్రం మండిపోతూ ఇంటికొచ్చాను.

"నిన్నెవరు ముట్టుకోమన్నారు నాయనా దాన్ని? నోటికాడ కూడు పడగొడతావా?"

"ఏందిరా ఆ మాటలు!" అంటూ అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

నాయన లేచి నిలబడ్డాడు. "ఇరుసు ఎండిపోతే బండి సాగదని పూశా రా. దీనికి పనికిరాదని నాకు తెలవదు" అన్నాడు. తప్పు చేసి మేనేజరు ముందు నిలబడ్డ కూలీలా నిలబడ్డాడు నా ముందు.

సోమవారం ఏడు కాకముందే గేటు దగ్గరున్నాను. కొలువు నిలబడింది. రోజంతా హాజరు పట్టీలో పేర్లు రాస్తూ సిగ్గుతో చచ్చిపోయాను. ఆ కొలువుకి దారి వేసిందే ఆయన కదా!

సాయంత్రం వస్తూ భాయ్ దగ్గర సీసాలో ఇంజనాయిలు పోయించుకొచ్చాను. "నాయనా, చైను ఎండిపోయింది. దీనికి నూనె పొయ్యడం నీ పని, నేను ముట్టుకోను" అన్నాను. ఆయన బండి పక్కన గొంతుక్కూర్చుని సీసా వంచాడు. చుక్క పడకముందే ఆగి, నా మొహంలోకి చూసి, "ఈడ పొయ్యమంటావా?" అని అడిగాడు.

"పొయ్యి నాయనా."

చక్రం కాస్త తిప్పి, మళ్లీ నా వైపు చూశాడు. "ఈడ?"

దూరాన బండి చప్పుడు విని ఇరుసులో కందెన ఎంతుందో చెప్పగల మనిషి, చైను ఒక చుట్టు పూర్తయ్యేదాకా నన్ను అడుగుతూనే ఉన్నాడు.