రుబ్బురోలు ఎక్కిన ట్రైలర్

2023 వేసవిలో ఒక ఉదయం, రేపల్లె నుంచి ఒక తెల్లటి ట్రైలర్ వచ్చి తెనాలి బైపాస్ పక్కనున్న మా షెడ్డు ముందు ఆగింది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ షెడ్డులో ట్రైలర్లు కడుతున్నాను, బాగుచేస్తున్నాను. వడ్లు మోసేవి, పడవలు మోసేవి, గేదెల్ని మోసేవి చాలా చూశాను గాని, మంచం, బాత్రూము, కిటికీలకు కర్టెన్లు ఉన్నది మా గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. దాన్ని కారవాన్ అంటారు. బండి వెనక తగిలించుకుని ఎక్కడికంటే అక్కడికి లాక్కెళ్ళే ఇల్లన్నమాట.

దాన్ని లాక్కొచ్చిన అద్దె పికప్‌లోంచి ఒక పెద్దాయన దిగారు. రేపల్లెలో తెలుగు పండితులుగా చేసి రిటైరైన మాస్టారు. దిగీ దిగగానే, "ఏమయ్యా, దీన్ని లాగాలంటే ఎంత హార్స్‌పవర్ బండి కొనాలి?" అన్నారు.

ఈ ప్రశ్న వింటే నాకు ఒళ్ళు మంట. లాగడానికేముంది, ముక్కుతూ మూలుగుతూ ఏ ఇంజనైనా లాగుతుంది. రోడ్డుకు అడ్డంగా గేదె వస్తే వెనక బరువుతో సహా ఆపగలదా అన్నదే అసలు సంగతి. మాస్టారు కదా అని ఓపిక తెచ్చుకుని, "ముందు ఏం జరిగిందో చెప్పండి" అన్నాను.

ముందు రోజు నడిపి చూద్దామని వెళ్తే, బాపట్ల దాటాక హైవే మీద ఒక లారీ వీళ్ళని ఓవర్‌టేక్ చేసిందట. ఆ గాలికి ట్రైలర్ వెనక భాగం అటూ ఇటూ ఊగి, ముందున్న పికప్‌ను కూడా ఊపేసిందట. దీన్ని మేం స్వే అంటాం. ముదిరితే రెండూ కలిసి బోల్తా పడతాయి. పికప్‌కు బలం చాలలేదని మాస్టారు తేల్చేశారు. ఆయన మేనల్లుడి దగ్గర ఆరు చక్రాల లారీ ఒకటి అమ్మకానికి ఉంది. "ఏనుగులాంటి బండయ్యా. అది ఊగుతుందా?"

"ఇందులో ఎంతమంది వెళ్తారండి?"

"మేమిద్దరం, మా అమ్మాయి హైమ."

ఇద్దరూ పికప్‌లోనే ఉన్నారు. అమ్మగారు వెనక సీట్లో, హైమ ముందు సీట్లో. హైమకు ముప్పై అయిదేళ్ళుంటాయి. కండరాల జబ్బుతో చిన్నతనంలోనే నడక ఆగిపోయింది. ఇంట్లోంచే పదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతుంది. కాసేపు కూర్చుంటే మళ్ళీ నడుం వాల్చడానికి మంచం కావాలి, చక్రాల కుర్చీ పట్టే బాత్రూము కావాలి. ఆ రెండూ బయట దొరకవు. అందుకే గంట ప్రయాణం దూరంలో ఉన్న సముద్రాన్ని కూడా, చిన్నప్పుడు నాన్న భుజాల మీంచి చూడటమే గాని, ఆమె మళ్ళీ చూడలేదు. రామాపురం ఒడ్డున రెండు రోజులు ఉండాలన్నది ఆమె కోరిక. ఇల్లే వెంట తీసుకెళ్దామని మాస్టారు ఈ ట్రైలర్ కట్టించారు.

రోడ్డున పోతున్న లారీని చూపించి, "అంత ఎత్తు క్యాబిన్‌లోకి అమ్మాయిని ఎలా ఎక్కిస్తారండి?" అన్నాను.

"అది ట్రైలర్‌లో మంచం మీద పడుకుంటుందిలే."

"నడిచే ట్రైలర్‌లో మనిషన్నవాడు ఉండకూడదు మాస్టారూ! వెనక ఏం జరిగినా మీకు తెలీదు." నా గొంతు పెద్దదైంది.

హైమ కిటికీలోంచి నవ్వింది. "బాగా అడిగారన్నయ్యా. మా నాన్న నన్ను సామాన్ల లెక్కలో వేశారు."

ట్యాంకు నిండా నీళ్ళు పట్టి వేబ్రిడ్జి మీద తూకం వేయించాం. రెండు టన్నులకు కాస్త తక్కువ. షెడ్డుకు తెచ్చి, చక్రాలకు అడ్డు పెట్టి, బండి నుంచి విడదీసి, ముందున్న కొక్కేన్ని పైకెత్తి చూడమన్నాను. మాస్టారు ఒంటి చేత్తో లేపేశారు.

"చూశావా, పువ్వులా లేచింది!"

"అదేనండి దీని జబ్బు."

ట్రైలర్ మొత్తం బరువులో దాదాపు పదో వంతు ఆ కొక్కెం మీద పడాలి. దాన్ని నోస్ వెయిట్ అంటారు. ఎడ్లబండికి వెనక బరువెక్కితే కాడి లేచిపోదూ, ఇదీ అంతే. ముందు బరువు లేకపోతే వెనక భాగం ఊగుతుంది. లారీ కట్టినా ఆ గుణం ట్రైలర్‌ను వదలదు.

లోపలికెళ్ళి చూద్దును కదా, వెనక కుడి మూల నీళ్ళ ట్యాంకు, బ్యాటరీలు, ఇనప బీరువా. అవి చాలవన్నట్టు నల్లరాతి రుబ్బురోలు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమంటే ఇదే.

"రోలెందుకండీ?"

"నైరుతి మూల బరువుండాలయ్యా."

సంగతి అర్థమైంది. రేపల్లెలో సగం ఇళ్ళకు వాస్తు చెప్పింది మాస్టారే. ట్రైలర్ ముందు భాగం తూర్పు అనుకుని, ఆ లెక్కన నైరుతిలో బరువంతా పేర్పించారు. ఇవన్నీ ముందు కుడి మూలకు మార్చాలన్నాను. ఆయన ముఖం వాడిపోయింది.

"అది ఆగ్నేయమయ్యా. అగ్ని మూల నీళ్ళు పెట్టమంటావా?" గొంతు తగ్గించారు. "దానికి జబ్బు చేసిన ఏడాది ఇంట్లో మెట్లు మార్పించాను, తలుపులు మార్పించాను. ఏదీ పనిచేయలేదు. తెలిసి తెలిసి దోషమున్న చోట నా బిడ్డను పడుకోబెట్టలేను. కాదంటే దీన్ని అమ్మేస్తాను."

నాలుక చివర ఒక ఎగతాళి మాట సిద్ధంగా ఉంది. మింగేశాను. కన్నతండ్రి భయం ముందు నా నోస్ వెయిట్ లెక్కలు ఎలా పెట్టాలో తోచలేదు. నిజంగా బాధేసింది.

పక్కనే ఉన్న పికప్ కిటికీలోంచి హైమే పిలిచింది. "నాన్నా, బాపట్ల దగ్గర మలుపు తిరిగినప్పుడు మన నైరుతి ఎటు పోయింది?"

మాస్టారు తడుముకోలేదు. "నడిచినంతసేపూ అది బండమ్మా. నిలబడ్డాకే ఇల్లు. వాస్తు ఇంటికి."

"మరి నిలబెట్టేటప్పుడు ముందు భాగం తూర్పుకే ఎందుకు పెట్టాలి? దక్షిణానికి పెట్టి చూడండి. ముందు కుడి మూల ఏమవుతుంది?"

మాస్టారు అరచేతిలో వేలితో నలుచదరం గీసుకున్నారు. చేతిని మెల్లగా తిప్పారు. "నైరుతి..." అన్నారు. "ఎడమ పక్క తలుపు తూర్పుకొస్తుంది. వెనక ఎడమ మూల ఈశాన్యం, అక్కడ బరువు లేదు." ఇంకోసారి తిప్పి చూసుకున్నారు. "శాస్త్రానికి ఏ లోటూ లేదయ్యా!"

ఆయన మనసు మారేలోపే మా పనివాళ్ళను కేకేశాను. బరువులన్నీ ముందుకొచ్చాయి. రోలు సంగతి అమ్మగారు తేల్చారు. "సముద్రం ఒడ్డున కూర్చుని పప్పు రుబ్బేదాన్ని నేను కాదు. దింపించండి."

ఇప్పుడు కొక్కెం లేపాలంటే ఇద్దరు మనుషులు ఆపసోపాలు పడాల్సి వచ్చింది. అప్పుడు వెతికాం బండిని. దాని టోయింగ్ కెపాసిటీ, అంటే లాగవచ్చని కంపెనీ చెప్పిన బరువు, మన ట్రైలర్ నిండు బరువు కంటే బాగా ఎక్కువ ఉండాలి. పేలోడ్, అంటే బండి తన మీద మోయగల బరువులో, మనుషులు, చక్రాల కుర్చీ, నోస్ వెయిట్ అన్నీ ఇమడాలి. సీటు మాత్రం, కుర్చీ నుంచి చెక్క వేస్తే హైమ జరిగి కూర్చోగలిగే ఎత్తులో ఉండాలి. చివరిది ఏ కేటలాగులోనూ రాయరు. మంచి బండ్లు రెండు ఆ ఒక్క కారణంతో వదిలేశాం. చివరికి రెండు వరుసల సీట్లున్న సెకండ్‌హ్యాండ్ డబుల్ క్యాబిన్ పికప్ ఒకటి కుదిరింది. ట్రైలర్ బ్రేకులు కూడా సరిచేసి, బాపట్ల హైవే మీద నడిపి చూశాం. లారీలు పక్కనుంచి దూసుకుపోతుంటే మాస్టారు సీటు పట్టుకుని అద్దంలోకి చూశారు. ట్రైలర్ బుద్ధిగా వెనకే వచ్చింది.

మొదటి ప్రయాణానికి తోడుగా నేనూ వెళ్ళాను. రామాపురంలో మాస్టారు దిక్సూచి చేత పట్టుకుని "ఇంకాస్త దక్షిణం, ఇంకాస్త" అంటూ నాకు చెమటలు పట్టించారు. ఎట్టకేలకు తలుపు తూర్పుకు తెరిచాం. ఎదురుగా సముద్రం.

ఇప్పుడు నన్నెవరైనా ఏ బండి కొనాలని అడిగితే, అందులో ఎవరు కూర్చుంటారని ముందు అడుగుతాను. ఇరవై ఏళ్ళ అనుభవం నేర్పని ప్రశ్న అది. హైమ నేర్పింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, బస్సుకు వెళ్తానని చెప్పడానికి తలుపు దగ్గరికొచ్చాను. హైమ మంచం మీద పక్కకు తిరిగి పడుకుని అలల్ని చూస్తోంది. నన్ను చూసి వేలు పెదాల మీద పెట్టుకుంది.

"మెల్లగా అన్నయ్యా. ఎక్కడికెళ్ళినా గంట తిరక్కుండానే 'ఇక బయల్దేరదామా' అనేది అమ్మ. నాకు ఇబ్బందవుతుందని." కాళ్ళ దగ్గర చాప మీద ఆదమరిచి నిద్రపోతున్న తల్లిని చూపించింది. "ఇవాళ అడగలేదు."