తన బదులు ఒక మనిషి

మేడ కింద శిక్షణ కేంద్రం, పైన కాపురం. పొద్దున వంట ముగించి చేతులు తుడుచుకుంటూ మెట్లు దిగితే ఆమె గ్రాఫిక్ డిజైన్ నేర్పే టీచరమ్మ. సాయంత్రం అవే మెట్లెక్కితే మళ్ళీ కోడలు. మధ్యలో చెప్పులు వేసుకోవాల్సిన పనే లేదు. పెళ్ళికి ముందు కొనుక్కున్న చెప్పులు అలమర కింద బూజు పట్టి ఉన్నాయంటే నమ్మండి. "ఉద్యోగం ఇంటికే నడిచొచ్చింది, ఎంత అదృష్టమో" అంటారు చుట్టాలు. వాళ్ళదేం పోయింది, వచ్చి కాఫీ తాగి, చల్లగా ఆ నాలుగు మాటలూ అనేసి పోయేవాళ్ళు.

కేంద్రం మామగారిది. బోర్డు మీద డైరెక్టర్ అని ఆయన పేరే ఉంటుంది. మౌసు ఎటు పట్టుకోవాలో తెలియదు కానీ, పిల్లల వెనక చేతులు కట్టుకుని పచార్లు చేస్తుంటే చూసేవాళ్ళకి మహా విద్వాంసుడిలా కనిపిస్తారు. కోడలికి ఈ విద్య వచ్చని తెలిశాకే సంబంధం ఖాయం చేశారని ఆడపడుచు ఒకసారి నోరు జారింది. ఇంటి మనిషికి జీతమేమిటన్నది ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం ఆయనకి ఎంత కలిసొచ్చిందో వేరే చెప్పాలా?

గది ఒకప్పుడు కారు పెట్టుకోవడానికి కట్టింది. కిటికీ లేదు, ముందు ఇనుప షట్టరు. గోడ వెంబడి కంప్యూటర్లు, మూల ఏసీ నీళ్ళు కారే చోట బకెట్టు. ఏ బ్యాచ్ వచ్చినా మొదటి పాఠం ఒకటే: ఎర్ర బూటు ఫోటో తెరిచి, అంచు వెంబడి చుక్కలు పెట్టుకుంటూ పోయి, వెనకాల ఉన్నదంతా తీసేసి బూటుని మాత్రం మిగల్చాలి. ఆ బూటుని ఆమె ఎన్ని వందల సార్లు కత్తిరించి ఉంటుందో. కళ్ళు మూసుకున్నా మడమ దగ్గరి వంపు చేతికి వచ్చేస్తుంది. నేర్చుకున్నవాళ్ళు వెళ్ళి నిజమైన కంపెనీలకి నిజమైన వెబ్ పేజీలు చేస్తున్నారు. ఆమె మాత్రం ఆ బూటు దగ్గరే ఉంది.

ఒకరోజు ధైర్యం చేసి అడిగింది, బయట ఉద్యోగం చేస్తాను మామయ్యా అని. ఆయన కాదనలేదు. కాదనే రకం అయితే ఎదురు తిరగడం తేలిక.

"చెయ్యమ్మా, నేనెప్పుడైనా వద్దన్నానా? నీ బదులు ఒక మనిషిని తయారుచేసి నిశ్చింతగా వెళ్ళు. ఆ మనిషి మానేస్తే మాత్రం మళ్ళీ నువ్వే దిగాలి. సెంటర్ మూతపడకూడదు, అంతే."

"చూశావా, నాన్న ఎంత మంచిగా ఒప్పుకున్నాడో" అన్నాడు మొగుడు. ఈ మొగుడి సంగతి చెప్పాలంటే, పెళ్ళైన దగ్గర్నుంచీ "నాన్నతో మాట్లాడతాలే" అంటూనే ఉన్నాడు, ఇంకా మాట్లాడబోతూనే ఉన్నాడు.

ఆ ఒప్పందంలోనే ఉంది మెలిక. పాఠం చెప్పగలిగేంత బాగా నేర్చుకున్నవాణ్ణి ఏ కంపెనీ అయినా ఎగరేసుకుపోతుంది. ఎవరూ ఎగరేసుకుపోని వాడైతే మామగారే పెదవి విరుస్తారు. మొదట కళ్ళజోడు అబ్బాయిని తయారుచేసింది. వాడు పట్టుమని ఒక బ్యాచ్ చెప్పకుండానే ఉద్యోగం వచ్చిందని స్వీట్ల డబ్బా పట్టుకొచ్చాడు. తర్వాత నవ్వులమ్మాయి. ఆ పిల్లా అంతే. మామగారు ఇద్దరి ఫోటోలూ గోడకి తగిలించి 'మా విజేతలు' అని రాయించారు. ఆ ఫోటోల కిందే కూర్చుని టీచరమ్మ మళ్ళీ బూటు తెరిచేది. లోపల మాత్రం ఉడికిపోయేది.

అంతలో ఆ కళ్ళజోడు అబ్బాయే ఫోన్ చేశాడు. వాళ్ళ కంపెనీలో వెబ్‌సైట్లు చేసే పెద్ద మేడమ్‌కి ఆమె గురించి చెప్పాడట, ఆవిడ రమ్మందట. వెళ్ళింది, చేసి చూపించింది, ఎంపికైంది. వచ్చే నెల నుంచి చేరాలి. ఈసారి కూడా తప్పిపోతే ఇక ఈ షట్టరు వెనకాలే జుట్టు నెరిసిపోతుందని ఆమెకి అర్థమైంది.

అప్పుడు ఆమె ఒక పని చేసింది. మంచి పనేమీ కాదు.

ఆ బ్యాచ్‌లో ఒక అమ్మాయి ఉండేది. ఏం చెప్పినా "సరేనండి" అనేది కాబట్టి పిల్లలు ఆమెకి ఆ పేరే పెట్టేశారు. ఇల్లు రెండు వీధుల అవతల. మొగుడు లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. చంకలోంచి దిగని పాప, పాపని చూసుకునే మోకాళ్ళ నొప్పుల అత్తగారు. దూరం పోవడం కుదరదు, రోజంతా బయట ఉండడమూ కుదరదు. చెయ్యి మాత్రం మంచిది, ఓపిక అంతకన్నా మంచిది. టీచరమ్మ ఆ అమ్మాయిని చూసి, ఇది ఎక్కడికీ పోదు, అనుకుంది. సంతలో పశువుని చూసినట్టు చూశానే అని ఆ క్షణంలోనే సిగ్గేసింది కూడా. సిగ్గేసింది కదా అని మానలేదు.

అన్నీ నేర్పింది. ఫోటో కత్తిరించడం, రంగులు అద్దడం, పొరల మీద పొరలుగా పోస్టరు కట్టడం, పేజీలో పెట్టెలు పేర్చడం, బిక్కమొహం వేసే పిల్లాడికి విసుక్కోకుండా నాలుగోసారి చెప్పడం. ఒక్కటి మాత్రం దాటవేసింది. పెద్ద తెర మీద చేసిన పేజీని ఫోనులో తెరిస్తే దానంతట అదే సర్దుకునేలా చేయడం. ఈ రోజుల్లో ఏ కంపెనీ అయినా ముందు అడిగేది అదే. అది రాకపోతే పాఠం చెప్పుకోవచ్చు కానీ ఉద్యోగం రాదు. సరిగ్గా అందుకే చెప్పలేదు. మౌసు పట్టుకోవడమే రాని మామగారికి ఆ తేడా తెలిసే ప్రశ్నే లేదు.

మామగారి పరీక్ష ఘనంగా జరిగింది. ఏదో పెళ్ళిలో తీయించుకున్న ఫోటో తెచ్చి, పక్కనున్న తోడల్లుణ్ణి తీసేసి తననొక్కణ్ణే ఉంచమన్నారు. సరేనండి చకచకా తోడల్లుణ్ణి మాయం చేసి, ఆయన భుజం మీద మిగిలిన చెయ్యిని కూడా చెరిపేసింది. ఆ చెయ్యి పోవడం చూసి మామగారికి ప్రాణం లేచొచ్చింది. "ఈ అమ్మాయి చాలు, నువ్వు వెళ్ళమ్మా" అనేశారు.

ఆఖరి రోజు సాయంత్రం పిల్లలంతా వెళ్ళాక సరేనండి బ్యాగు సర్దుకుంటూ ఆగింది.

"ఒక్క మాట అడగనా అండీ?"

"అడుగు."

"నేను చేసిన పేజీ ఇంటికెళ్ళి ఫోనులో చూశానండి. బొమ్మ సగం పక్కకి పోయింది. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. అది సరిచేసేది ఏదో ఉంటుంది కదండీ?"

"అది... కొంచెం పెద్ద విషయంలే, తర్వాత..." టీచరమ్మ నీళ్ళు నమిలింది.

"నాకంటే ముందు నేర్చుకున్నవాళ్ళ పేజీలు కంప్యూటర్లోనే ఉన్నాయండి. అవి ఫోనులో చక్కగా సర్దుకుంటున్నాయి. నాకొక్కదానికే చెప్పలేదు మీరు."

ఏం చెప్పినా అబద్ధమే అవుతుంది, ఆ పిల్లకి అది తెలిసిపోతుంది కూడా.

"నాకు కోపం లేదండి. మొదట్లో వచ్చింది. తర్వాత పెద్దాయన మీ ఒప్పందం సంగతి చెప్పారు. అప్పుడు అర్థమైంది. అంతా నేర్పితే నేను ఉండను, నేను ఉండకపోతే మీరు వెళ్ళలేరు. నేను కూడా అంతే చేస్తాలెండి. మా పాప బడికి పోయే వయసొచ్చాక ఎవరో ఒకళ్ళని సగం నేర్పి ఇక్కడ కూర్చోబెట్టి పోతాను. ఎలాంటి వాళ్ళని చూసుకోవాలో కూడా మీ దగ్గరే తెలిసింది."

ఎత్తిపొడుపు కాదది. అదే బాధ. రాసుకున్న పాఠం అప్పజెప్పినట్టు, ఏ కల్మషమూ లేకుండా చెప్పింది. ఆ పిల్ల చెంప మీద కొట్టినా టీచరమ్మకి అంత నొప్పి ఉండేది కాదు. చేసిన పని ఎంత నీచంగా ఉందో ఇన్నాళ్ళకి ఇంకొకరి నోట వింది. మామగారు తనకి చేసినదానికీ, తను ఈ పిల్లకి చేసినదానికీ ఆవగింజంత తేడా కూడా కనపడలేదు.

"బ్యాగు కింద పెట్టు" అంది. ఆఫ్ చేసిన కంప్యూటర్ మళ్ళీ ఆన్ చేసింది.

కంపెనీకి ఫోన్ చేసి ఒక వారం గడువు అడిగింది. పెద్ద మేడమ్ కాస్త నసిగి ఒప్పుకుంది. ఆ వారమంతా ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఎప్పుడు పెట్టెలు ఒకదాని కింద ఒకటి పడాలి, ఏ బొమ్మ తగ్గాలి, ఏది పూర్తిగా తప్పుకోవాలి, బొటనవేలు ఎక్కడికి అందుతుంది, అన్నీ చెప్పింది. దాచుకోకుండా చెప్పడంలో ఉండే హాయిని ఆమె ఈ మధ్య మర్చిపోయింది. చివరి రోజు సరేనండి చేసిన పేజీ ఫోనులో ముడుచుకుని బుద్ధిగా కూర్చుంటే, ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేసింది. "ఇక నేను వెళ్ళిపోతానని భయం లేదా అండీ?" అంది.

"ఉంది" అంది టీచరమ్మ.

ఉద్యోగంలో చేరింది. పాత చెప్పులు మొదటి రోజే తెగాయి, దారిలో కొత్తవి కొనుక్కుంది. ఆఫీసులో ఆమె కుర్చీ పక్కన కిటికీ ఉంది. మొదటి వారం పని కంటే ఆ కిటికీలోంచి కనిపించే రోడ్డునే ఎక్కువ చూసిందని కళ్ళజోడు అబ్బాయి ఆటపట్టించేవాడు. బయటపడ్డానని అందరికీ చెప్పుకుంది. తీరా చూస్తే బయటపడింది మనిషే, మనసు కాదు. ఫోన్ మోగితే గుండె గుభేలుమనేది. మామగారికేమో చీటికీ మాటికీ ఫోన్ చేసే జబ్బు. "ఏమ్మా, వచ్చేటప్పుడు బల్బు తెస్తావా?" అని ఆయన అడిగే లోపు ఆమెకి తల ప్రాణం తోకకొచ్చేది. ఆ పిల్ల మానేసిందని చెప్పడానికే చేశారనుకునేది. సాయంత్రం వీధి మలుపు తిరగ్గానే మొదట చూసేది షట్టరు ఎత్తి ఉందా లేదా అని. ఎత్తి ఉంటే హమ్మయ్య అనుకునేది. పాపకి జ్వరమని సరేనండి రెండు రోజులు రాకపోతే, పాప ఎలా ఉందో అడగడం కంటే ముందు "మళ్ళీ ఎప్పుడొస్తావు" అని అడిగింది. ఫోన్ పెట్టేశాక తన మీద తనకే అసహ్యం వేసింది.

కొన్ని నెలలు అలా గడిచాయి. ఒకరోజు పెద్ద మేడమ్ ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఇంకో మనిషి కావాలమ్మా మనకి. ఫోను పేజీలు సర్దే మనిషి. ఆఫీసుకి రానక్కర్లేదు, ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. చిన్నపిల్లల తల్లైనా పర్లేదు, ఓపికుంటే చాలు. ఎంతోమందికి నేర్పావు కదా, నీ దృష్టిలో ఎవరైనా ఉన్నారా?"

ఎవరో కూర్చుని కొలతలు తీసి కుట్టినట్టున్న ఉద్యోగం. ఆ కొలతలున్న మనిషి ఈ ఊళ్ళో ఒక్కతే. ఆ పేరు నాలుక చివరి దాకా వచ్చింది. కంప్యూటర్ పక్కన ఫోన్ ఉంది. అవతల కిటికీ, రోడ్డు. ఆమెకి కిటికీ లేని గది, మూల బకెట్టు, ఎర్ర బూటు, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి.

"లేరండి" అంది.

"సరే, ఒకటి రెండు రోజుల్లో ప్రకటన వేద్దాం" అని పెద్ద మేడమ్ వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం షట్టరు ఎత్తే ఉంది. మొదటిసారి అది చూసి ఆమెకి హమ్మయ్య అనిపించలేదు. తల వంచుకుని మెట్ల వైపు పోబోతుంటే సరేనండి లోపల్నుంచి గబగబా వచ్చింది. చేతికి మార్కరు మరకలు, మొహం వెలిగిపోతోంది.

"ఇవాళ ఫోను పాఠం చెప్పానండి బ్యాచ్‌కి. మీరు నాకు చెప్పినట్టే, మొత్తం. ఏదీ దాచలేదు. చురుకైన పిల్లలండీ, ఇద్దరు ముగ్గురు ఎగిరిపోతారు చూడండి. పోనీలెండి, పాపం."

"మంచి పని చేశావు" అంది టీచరమ్మ. ఆ పిల్ల ఇంకా ఏదో చెబుతూనే ఉంది, పాప మాటలు నేర్చుకుంటోందని కాబోలు. ఆమె తలాడిస్తూ నిలబడింది. ప్రకటన ఇంకా వెయ్యలేదు కదా, రేపు పొద్దున్నే వెళ్ళి పేరు చెప్పవచ్చు అనుకుంది. తను చెప్పదని ఆమెకి అప్పుడే తెలుసు.