మూడో చోట మోగని పలక

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే చెప్పడం ఆపేస్తాను. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. కల కాదు. ఆ రాత్రి నేను మజ్జిగ తప్ప ఏమీ తాగలేదు. కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాను. చేతిలో టెస్టరు ఉంది. నేను కరెంటు పని చేసి బతికేవాణ్ణి. దయ్యం పట్టిందని జనం చెప్పిన లైట్లను ఎన్నింటినో చూశాను. అన్నీ చివరికి ఒక వదులు స్క్రూ దగ్గరే తేలాయి.

ఇదొక్కటి తేలలేదు. తేలింది... కానీ పూర్తిగా తేలలేదు. జరిగింది జరిగినట్టే చెప్తాను.

మార్కాపురం నుంచి కొనకనమిట్ల పోయే దారిలో మా ఊరు. మాది పలకల గని ఉన్న కుటుంబం. పిల్లలు బలపం పట్టి రాసే పలకలు. మా గని పలక అంటే కొనేవాడు తిప్పి చూసేవాడు కాదు. తర్వాత నోటుపుస్తకాలు వచ్చాయి, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. గని పోయింది. లారీలు పోయాయి. నాయన బతికుండగానే ఇల్లు కూడా అమ్మేశాం.

కొన్నది చెన్నయ్య. ఒకప్పుడు వాళ్ళ నాయన ఎరువు కోసం మా చేలల్లో గొర్రెల మంద కట్టేవాడు. చెన్నయ్య ఆ గొర్రెల మీదే పైకొచ్చాడు. కష్టపడి కొన్నాడు, ఆ మాట పదిమందిలో నేనే అంటాను. వాళ్ళ నాయన మా నాయనను 'దొరా' అనేవాడు. చెన్నయ్య నన్ను 'అన్నా' అంటాడు. మొదట్లో ఆ పిలుపు చెవికి గుచ్చుకునేది. ఇప్పుడు అలవాటైంది.

ఇల్లు అమ్మాక ఆ గడప తొక్కలేదు. మార్కాపురంలో చిన్న దుకాణం పెట్టుకున్నాను. గిద్దలూరు దాకా, దోర్నాల హోటళ్ళ దాకా పోయి లైట్లు బిగించి వస్తాను. పోయిన చలికాలం చెన్నయ్యే దుకాణానికి వచ్చాడు.

"అన్నా, మాయమ్మ రాత్రి లేచి చీకట్లో తడుముకుంటా పోతాది. మొన్న నడవలో పడింది. స్విచ్చేమో తలుపుకు అవతల పెట్టినారు మీవోళ్ళు."

"మా తాత పెట్టించినాడు," అన్నాను.

"ఎవురు పెట్టించినా పడింది మాయమ్మే కదన్నా. ఇంకోసారి పడితే మంచంలోంచి లేవదని డాక్టరు చెప్పినాడు."

వాళ్ళమ్మ గురవమ్మ నన్ను చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన మనిషి. వెళ్ళాను.

ఆ ఇంటి గోడలు రెండు మూరల మందం రాతి గోడలు. వాటిని చెక్కి కొత్త తీగ లాగడం జరిగే పని కాదు. వైఫై ఒక గది దాటదు. అందుకని వేరే పద్ధతి పెట్టాను. ఇంట్లో ఉన్న కరెంటు తీగల మీదుగానే లైటుకు కబురు పంపే పద్ధతి. గురవమ్మ మంచం పక్కన ఒక బటన్. అది నొక్కితే కబురు అవే తీగల్లో పడి పోతుంది. ప్రతి లైటు దగ్గరా ఒక చిన్న డబ్బా ఆ కబురు అందుకుంటుంది. మంచం నుంచి బాత్రూము దాకా నాలుగు లైట్లు ఒకేసారి వెలగాలి.

రెండు రోజులు వెలిగాయి. మూడోనాడు పొద్దున్నే ఫోను.

"మా గొర్రెలన్నా పిలిస్తే వస్తాయన్నా. నీ లైట్లు రావు."

పరుగున వెళ్ళాను. పగలు నొక్కితే చక్కగా వెలిగాయి. తిరిగొచ్చాను. మళ్ళీ ఫోను. అట్లా మూడుసార్లు తిరిగాను. పగలంతా బాగుంటాయి. నడిరాత్రి దాటితే ఒకసారి వెలుగుతాయి, రెండుసార్లు వెలగవు. గురవమ్మ మాత్రం బటన్ నొక్కి, వెలుగు వస్తుందన్న ధైర్యంతో అడుగేస్తుంది. అంటే నేను ఆమెకు మేలు చేయలేదు. పడే దారి ఇంకాస్త సులువు చేశాను.

నాలుగోసారి సాయంత్రం వెళ్ళి, "ఈ రాత్రి ఇక్కడే ఉంటాను," అన్నాను.

"అన్నానికి రా మరి," అన్నాడు చెన్నయ్య.

"తినే వచ్చినాను." తినలేదు. మజ్జిగ మాత్రం తాగాను.

ఈ పద్ధతికి పెద్ద చిక్కు తీగ మీద రొద. ఒక నాసిరకం చార్జరు చాలు, కబురును మింగేస్తుంది. రొద ఎంతుందో చూపే టెస్టరు నా దగ్గర ఉంది. రొద పెరిగితే దాని మీద ఎర్ర చుక్కలు ఒకటొకటిగా వెలుగుతాయి. ఇన్వర్టరు తీసేశాను. ఫ్రిజ్ తీసేశాను. టీవీ, చార్జర్లు, గొర్రెల దొడ్లో చౌక బల్బు... అన్నీ పీకేశాను. పలకలు కోసే మిషను కోసం మా తాత మూడు ఫేజుల కరెంటు పెట్టించాడు. ఒక ఫేజు మీద కబురు ఇంకో ఫేజుకు దాటదని, వాటిని కలిపే వంతెన లాంటి డబ్బా ఒకటి మొదటిరోజే కట్టాను. దాన్నీ విప్పి మళ్ళీ కట్టాను. చుక్కలు తగ్గలేదు.

చెన్నయ్య ఆవులిస్తూ నా వెనకే తిరిగాడు.

"అన్నా, ఆ రాయి బోర్డు కూడా చూడకూడదా? పాతది కదా."

నడవలో ఫ్యూజులు బిగించిన బోర్డు అది. చెక్క కాదు. మా గని నుంచి తెచ్చిన మందపాటి పలకబండ. అప్పట్లో కరెంటు బోర్డులు రాతి మీద బిగించేవాళ్ళు.

"అది మా గని రాయి. దానికేం కాదు."

"సరే. నీ రాయి సంగతి నువ్వే చెప్పాల." నవ్వి పడుకోవడానికి పోయాడు.

నేను ఆ బోర్డు కిందే కుర్చీ వేసుకున్నాను. నడవలో బల్బు ఆర్పేశాను. గురవమ్మ గది తలుపు తీసే ఉంది. ఆమె గురక వినిపిస్తోంది. బయట మంచు పడుతోంది. దొడ్లో గొర్రెలు అప్పుడప్పుడు తుమ్ముతున్నాయి. చాలాసేపు అంతే.

తర్వాత గొర్రెలు కూడా ఆగిపోయాయి.

టంగ్...

తల పైన. సరిగ్గా నా తల పైన. పెద్ద చప్పుడు కాదు. వేలి కణుపుతో తట్టినట్టు. చలికి రాయి బిగుసుకుంటుందిలే అనుకున్నాను.

టంగ్...

ఈసారి జానెడు పక్కకు. ఎడమ నుంచి కుడికి. టెస్టరు వంక చూశాను. ఎర్ర చుక్కలు నిశ్చలంగా ఉన్నాయి.

డబ్.

మోగలేదు. మూడోది మోగలేదు. కుడివైపు, కింది మూల. తడిసిన చెక్కను కొట్టినట్టు, మొద్దుగా... అదే క్షణంలో బాత్రూము దారిలో లైటు వెలిగింది. ఎవరూ బటన్ నొక్కలేదు. గురవమ్మ గురక ఆగలేదు.

నేను కదల్లేదు. లైటు సంగతి నాకు తెలుసు. రొద ఎక్కువైతే డబ్బా ఒక్కోసారి దాన్నే కబురనుకుని లైటు వేస్తుంది. అది భయపడాల్సిన సంగతి కాదు. నా మెడ వెనక వెంట్రుకలు లేచింది లైటుకు కాదు...

మళ్ళీ మొదటి చోట. టంగ్. ఆగింది. రెండో చోట. టంగ్. ఆగింది. మూడో చోట... చాలాసేపు ఏమీ లేదు. తట్టేవాళ్ళు చెవి దగ్గర పెట్టి వింటున్నంతసేపు.

డబ్.

మీకు ఒక సంగతి చెప్పాలి. పలకలవాళ్ళు పలకను కంటితో చూసి ఒప్పుకోరు. వేలి కణుపుతో తట్టి వింటారు. మంచి పలక గంటలా మోగుతుంది. లోపల వెంట్రుకవాసి బీట ఉన్నా మోగదు. మొద్దుగా పలుకుతుంది. మా తాత రోజూ రాత్రి పెరట్లో పేర్చిన పలకలను అట్లాగే తట్టుకుంటూ నడిచేవాడు. ఎడమ నుంచి కుడికి. మోగనిది దొరికితే రెండోసారి తట్టేవాడు, అనుమానం తీరడానికి. ఆయన తడుతుంటే ఇంట్లో ఎవరూ కూర్చునేవాళ్ళం కాదు.

నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను.

ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. నడవలో ఎవరూ లేరు. నేను, ఆ బాత్రూము దారి లైటు వెలుగు, గురవమ్మ గురక. టార్చి వేశాను. పలక మీద ఏళ్ళ నాటి దుమ్ము. మొదటి చోట చూశాను, రెండో చోట చూశాను, మూడో చోట చూశాను. దుమ్ము మీద ఒక్క వేలి గుర్తు కూడా లేదు.

తర్వాత మెయిన్ ఆపేశాను. కుడివైపు కింది మూల ఫ్యూజు విప్పాను. కింద వెంట్రుకంత బీట. రెండు ఫేజుల మధ్య అడ్డంగా పోయింది. బీట పొడుగునా నల్లగా మాడి ఉంది. ఆ గోడకు అవతల బాత్రూము. గోడ చెమ్మ బీటలోకి ఊరుతుంది. రాత్రి మంచుకు తడి నిలిచి, నిప్పురవ్వలు సన్నగా చిటపటలాడతాయి. ఆ రొదలో కబురు మునిగిపోతుంది. పగలు ఎండకు ఆరిపోయి, అంతా బాగుంటుంది.

ఇల్లంతా విప్పాను. ఆ ఒక్కదాన్నే విప్పలేదు. మా గని రాయి పగలదని.

చెన్నయ్యను లేపాను. నా సంచిలో ఉన్న ప్లాస్టిక్ బోర్డు గోడకు దూరంగా బిగించి, తీగలన్నీ దాని మీదికి మార్చేసరికి తెల్లవారుజామైంది. బటన్ ఇరవైసార్లు నొక్కాను. ఇరవైసార్లూ నాలుగు లైట్లూ వెలిగాయి. టెస్టరు మీద ఒక్క ఎర్ర చుక్క లేదు.

కాసేపటికి గురవమ్మ లేచింది. మేమిద్దరం చెప్పకుండా పక్కన నిలబడి చూశాం. బటన్ నొక్కింది. ఆమె కంటే ముందే దారంతా వెలుగు పరుచుకుంది. ఆమె తొందరపడకుండా, గోడ తడుముకోకుండా, మధ్యలో నడుచుకుంటూ పోయి వచ్చింది. చెన్నయ్య కళ్ళు తుడుచుకున్నాడు. నేను అటు చూడనట్టే ఉన్నాను.

టీ ఇచ్చినప్పుడు అడిగాను. "పెద్దమ్మా, రాత్రి నువ్వు లేచి బోర్డు తట్టినావా?"

"కట్టె లేకపోతే మంచమే దిగలేను. అంత ఎత్తు నాకు అందుతాదా నాయనా?"

"చప్పుడేమన్నా వినపడిందా?"

"నాకు వినపడితే అది ఊరంతా వినపడాల," అంది. "టీ తాగు. చల్లారిపోతాంది."

తాగాను. ఆ ఇంట్లో మళ్ళీ తాగుతానని ఎప్పుడూ అనుకోలేదు. బాగుంది. ఇప్పటికీ అటు పోతే తాగే వస్తాను. గురవమ్మ ఇంతవరకూ మళ్ళీ పడలేదు.

చలికి రాయి బిగుసుకుందేమో. నిప్పురవ్వల చిటపటే అట్లా వినిపించిందేమో. మరి బాగున్న చోట ఎందుకు మోగింది? ఎడమ నుంచి కుడికి, రెండుసార్లు, అదే వరసలో ఎందుకు పోయింది? పనిలో నాకంటే పెద్దవాళ్ళను అడిగాను. వాళ్ళు టెస్టరు మార్చుకోమన్నారు.

ఆ పొద్దున గ్లాసు కింద పెట్టి బయల్దేరుతుంటే చెన్నయ్య గుమ్మం దాకా వచ్చాడు.

"అన్నా, కంటికి ఆనని గీత కదా అది. ఆ చీకట్లో ఎట్ల కనిపెట్టినావు?"

"మాకు అలవాటే," అన్నాను. "వేలితో తట్టి చూసినాను. మోగలేదు."

"మీ తాత మాదిరే," అన్నాడు, మెచ్చుకోలుగా.

తల ఊపి బండి ఎక్కాను. ఫ్యూజు విప్పేదాకా నేను ఆ పలక మీద చెయ్యే వేయలేదు.